ఎల్వా పెట్టెకు కరెంటు

మూంటా ఊరి హాల్లో నా ట్యాగ్ లేని వస్తువేదీ గోడ ప్లగ్గులోకి వెళ్లదు. టీ కెటిల్ అయినా అంతే, క్రిస్మస్ దీపాల తోరణం అయినా అంతే. నేను మీటరు పెట్టి చూసి, తేదీ రాసి, వైరుకు రంగు ట్యాగ్ చుట్టాలి. నలభై నాలుగేళ్లు ఎలక్ట్రీషియన్‌గా బతికి లైసెన్సు అప్పగించేశాక నాకు మిగిలిన అధికారం ఇదొక్కటే. దాన్ని కాస్త గట్టిగానే చెలాయిస్తానని ఊళ్లో నాకు పేరు. "రాయ్స్ పెన్‌హాల్ చచ్చి స్వర్గానికెళ్తే, అక్కడి దీపాలకి ట్యాగులున్నాయా అని అడిగాకే లోపల అడుగు పెడతాడు" అంటుంది పాటల బృందం నడిపే నోరీన్. అననీ. నా చేతి మీదుగా వెళ్లిన వైరు వల్ల ఈ ఊళ్లో ఇంతవరకు ఎవరికీ షాక్ కొట్టలేదు.

ఆ అధికారం అడ్డం పెట్టుకుని నేను కాదన్న మనిషి ఎల్వా ట్రెజైజ్. ఆమె గురించే చెబుతున్నాను.

ఎల్వా నాకు బడి రోజుల నుంచీ తెలుసు. ఆమె పుట్టింటి పేరు బొలిథో. మా అందరి ముత్తాతల్లాగే ఆమె ముత్తాత కూడా రాగి గనుల కోసం కార్న్‌వాల్ నుంచి ఓడెక్కి వచ్చినవాడే. గనులు మూతపడి వందేళ్లయింది. మాకు మిగిలినవి రెండే: లోపల మాంసం కూరి, అంచు మడిచి కాల్చే పాస్టీలు, క్రిస్మస్ పాటలు. ఎల్వా జీవితమంతా ఆ రెండింటి మధ్యే గడిచింది. ముప్పై ఒక్క ఏళ్లు బేకరీలో పాస్టీల అంచులు మడిచింది. ఒక్కో దానికి ఇరవై ఒక్క మడత. ఇరవై మడతలకి ఆపిన కొత్త పిల్లల చేతుల్లోంచి పాస్టీ లాక్కుని మళ్లీ మొదటి నుంచి మడిచేది. ఆదివారాలు మా చిన్న చర్చిలో, అంటే చాపెల్లో, ఆర్గన్ వాయించేది. పదహారో ఏట మొదలుపెట్టింది, చాపెల్ అమ్మేసేదాకా మానలేదు. ఇప్పుడు ఆ చాపెల్లో ఎవరో కాపురముంటున్నారు. ఆర్గన్ ఉన్నచోట మంచం వేసుకున్నారట. ఎల్వా ఆ వీధిలోంచి నడవడం మానేసింది.

భర్త పోయి తొమ్మిదేళ్లు, పిల్లలు లేరు. తోడబుట్టినవాడు క్లారీ ఒక్కడే, ఆమె కన్నా ఏడేళ్లు పెద్ద. పక్క సందులోనే ఉంటాడు. పొద్దున్నే సముద్రంలో మోకాలి లోతుకు దిగి పీతలు పట్టడం, మధ్యాహ్నం చెల్లెలింటికొచ్చి ఆ పీతల గురించి గొప్పలు చెప్పడం అతని దినచర్య. క్లారీ వాలరూ రేవులో, ధాన్యం నిలవచేసే సైలోల దగ్గర ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు. ఆ కన్వేయర్ల మోత చెవుల్ని తినేసింది. పై స్వరాలు ముందు పోయాయి, తర్వాత మధ్యవి. చెవి మిషను మాటలకు కొంత పనికొస్తుంది గాని పాటను ముక్కలు ముక్కలు చేసి వినిపిస్తుందని అతని ఫిర్యాదు. మిగిలినవి అడుగు స్వరాలు మాత్రమే.

అక్కడే వచ్చింది చిక్కు. మా పాటల బృందంలో అడుగు గొంతు క్లారీది. యాభై రెండేళ్లు అతనే వెనక వరసలో నిలబడి పాటను కింద నుంచి మోశాడు. నిరుడు క్రిస్మస్‌కు ముందు ఆదివారం హాల్లో పాడుతున్నప్పుడు, హాలు వాళ్లు కొన్న చిన్న కీబోర్డు శబ్దం అతని చెవికి ఆనలేదు. చుట్టూ ఉన్నవాళ్ల నోళ్లు చూసి పాడాడు. ఒక చరణం మొత్తం తప్పు స్వరంలో, పెద్ద గొంతుతో, నమ్మకంగా పాడేశాడు. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. క్లారీ నోరు మూసేశాడు. పాట అయ్యాక తన పాటల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. పెన్సిలు గుర్తులతో నిండిన, అట్ట ఊడిన పుస్తకం.

"వెనకాల పదిహేను పేజీలు ఖాళీగా ఉన్నాయి రాయ్స్. నీ ట్యాగుల లెక్కలు రాసుకో. నాకింక పని లేదు."

నాకు పాడే గొంతు లేదు, మాట కూడా ఉండదు. పుస్తకం తీసుకున్నాను. అతను అడిగినట్టే వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టాను, రాయకపోతే బాధపడతాడేమోనని. ఇప్పుడు ఆలోచిస్తే, రాస్తేనే బాధపడి ఉంటాడు.

ఎల్వా మాత్రం ఊరుకోలేదు. చెవుల డాక్టరు ఇచ్చిన క్లారీ గ్రాఫు తెచ్చి వంటింట్లో గోడకి పిన్ను చేసింది. ఎడమవైపు, అడుగు స్వరాల చోట, చదునుగా సాగి, మధ్యలో గభాలున కిందికి పడిపోయే గీత. ఆ చదును భాగం మీద ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టింది.

"ఇంత చోటు మిగిలింది వాడికి. ఇందులోనే వాయిస్తా."

అంతకు నాలుగేళ్ల ముందు నుంచీ ఎల్వాకు ఒక పిచ్చి ఉండేది. మెల్‌బోర్న్ నుంచి పోస్టులో చిన్న చిన్న బోర్డులు, పొట్లాల్లో విడిభాగాలు తెప్పించుకుని, బేకరీ ఆప్రాన్ కట్టుకుని వంటింటి బల్ల మీద టంకం వేసేది. సింథసైజర్, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం, కడుతోందన్నమాట. ఒక బోర్డు స్వరం పుట్టిస్తుంది, ఇంకోటి ఆ స్వరం పదును తీసి మెత్తన చేస్తుంది, మరోటి అది ఎప్పుడు లేవాలో ఎప్పుడు తగ్గాలో చెబుతుంది. అన్నింటినీ ఒక చెక్క పెట్టెలో వరసగా బిగించి, వాయించడానికి ముందొక కీల వరస పెట్టింది. ఆ పెట్టె మునుపు బేకరీలో బ్రెడ్డు ట్రే. ఆర్గన్ పోయిన చేతులకు ఏదో పని కావాలి కదా అని అందరం జాలిగా చూశాం. జాలి చూపినవాళ్లలో నేనే ముందు. అది ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆమె ఆలోచన తేలికైనదే. కీబోర్డులో కంపెనీవాడు పెట్టిన శబ్దమే వస్తుంది. తన పెట్టెలో అయితే గుండీ తిప్పి, పైన గీరే శబ్దమంతా తీసేసి, క్లారీ గ్రాఫులో సున్నా చుట్టిన చోటికి సరిగ్గా సరిపోయే అడుగు స్వరం తయారు చేయొచ్చు. చాపెల్‌వాళ్లు పారేసిన పెద్ద స్పీకరు పెట్టె ఎలాగూ ఆమె దగ్గరే ఉంది.

ఈ ఏడు అక్టోబరులో ఒక శుక్రవారం నన్నూ క్లారీనీ పిలిచింది. శుక్రవారం ఆమె ఇంట్లో నాకొక పాస్టీ ఉంటుంది, అది ఎప్పటి నుంచో ఉన్న ఏర్పాటు. ఎడమ మూలన పిండితో చేసిన అక్షరం అతికిస్తుంది, నాకు ఆర్, క్లారీకి సి. గనుల్లో దిగే రోజుల్లో ఎవరిది ఎవరు తిన్నారో గొడవ రాకుండా పెట్టుకున్న అలవాటు. ముగ్గురమే ఉన్న వంటింట్లో ఇప్పుడెందుకు అంటే, "నీ సంగతి తెలుసు కాబట్టి" అంటుంది.

ఆ రోజు క్లారీని స్పీకరు పక్కన కూర్చోబెట్టి ఎల్వా పెట్టెలోని స్విచ్చులు వేయడం మొదలుపెట్టింది. క్లారీ మొహం ఒక్కసారిగా విప్పారింది.

"ఆహా! ఉంది, ఉంది! వినిపిస్తోంది పిల్లా! అలాగే ఉంచు, ఎంత బాగుందో!"

ఎల్వా చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"నేనింకా ఏం వాయించలేదు క్లారీ."

"మరి ఇదేంటి?"

అది గుయ్యిమనే రొద. గోడలో కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది. ఆ ఊపు పవర్ సప్లైలో అణగకపోతే అదే స్పీకర్లోంచి శబ్దమై వస్తుంది. ఆ శబ్దం సరిగ్గా ఎక్కడ పడుతుందో చూడండి: అడుగున, క్లారీకి మిగిలిన ఆ కాస్త చోటులో! ఎల్వా వాయించిన స్వరాలు ఒక్కటి కూడా ఆ రొదలోంచి అతనికి విడిగా తెలియలేదు. అంతా కలిసి ఒకే ముద్ద. పాపం, ఆ ముద్దనే సంగీతమనుకుని తల ఊపుతూ కూర్చున్నాడు. ఎల్వా స్విచ్చు ఆపేసింది. క్లారీ మొహం మళ్లీ ముడుచుకుంది.

"బాగానే ఉందిగా. ఎందుకు ఆపావు?"

"అది పాట కాదు. గోడ."

నేను పాస్టీ పక్కన పెట్టి పెట్టె తిరగేసి చూశాను. గోడకు గుచ్చే చిన్న అడాప్టరు, దాని మీద ఒక ఆంపియర్ అని రాసి ఉంది. ఎల్వా తన బోర్డులన్నీ ఎంత తింటాయో కాగితం మీద వరసగా రాసి కూడింది. బేకరీలో ఓవెన్, మిక్సరు ఒకేసారి వేస్తే ఫ్యూజు పోయేది, అందుకని కూడటం ఆమెకు వచ్చు. కూడిక తప్పలేదు. ఏడు వందల మిల్లీ ఆంపియర్లు. ఒక ఆంపియర్‌లో పదింట ఏడు వంతులు, ఇంకా మిగులే అనుకుంది.

"తప్పంతా ఇక్కడుంది," అన్నాను. "ఈ ఒక ఆంపియర్ గోడ నుంచి ఊగుతూ వచ్చేదాని కొలత. దాన్ని రెండుగా చీల్చి, ఊపు తీసి, ప్లస్ పన్నెండు వోల్టులు ఒకవైపు, మైనస్ పన్నెండు ఒకవైపు చేశాక అందులో సగం కూడా మిగలదు. రెండు బోర్డులున్నప్పుడు బాగానే ఉండి ఉంటుంది."

"ఉంది. ఆరోది పెట్టాకే మొదలైంది."

"మరి? ఇద్దరి వంట పదిమందికి పెట్టావు."

ఎల్వా కోపం తెచ్చుకోలేదు. కాగితం మీద ఏదో రాసుకుంది. తర్వాతి శుక్రవారానికి ఇంకో ఏర్పాటు చేసింది. లాప్‌టాప్‌కు పెట్టే నల్ల ఇటుకలాంటి అడాప్టరు, దాని నుంచి ప్లస్సూ మైనస్సూ చేసే అరచేతి సైజు బోర్డు ఒకటి. బలం బోలెడు. రొద పోయింది. కానీ దోమ చెవి దగ్గర కూర్చున్నట్టు సన్నగా ఒక కీచు మొదలైంది. క్లారీకి అది వినపడదు, హాయిగా ఉన్నాడు. పక్కింటి కుక్క లేచి వెళ్లిపోయింది. నాకు పళ్లు పులిశాయి.

"వాడికి వినపడకపోతే చాలదా?" అన్నాను.

"చాలదు. నోరీన్ మొదటి వరసలో నిలబడుతుంది. ఈ కీచు వింటే నన్నూ పెట్టెనీ కలిపి బయట పడేస్తుంది."

అలా నవంబరు వచ్చింది. ఆమె మూడో మార్గం తేల్చుకుంది. పెట్టెలోపలే పెద్ద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, గోడ కరెంటును నేరుగా దానికే ఇచ్చి, అక్కణ్ణించి మెల్లగా శుభ్రం చేయడం. పాత రేడియోల పద్ధతి. రొద ఉండదు, కీచు ఉండదు. ఆమె ఎంపిక తప్పని నేననను. కానీ ట్రాన్స్‌ఫార్మర్ కొని తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వు వైరింగ్ చేసి ట్యాగ్ వెయ్యి" అంది చూడండి, నాకు ఒళ్లు మండింది.

"రెండు వందల ముప్పై వోల్టులు బ్రెడ్డు ట్రేలోకా? నా లైసెన్సు పోయి నాలుగేళ్లయింది. మీటరు పెట్టి చూడొచ్చు గాని వైరు ముట్టుకునే హక్కు నాకు లేదు. నీకసలే లేదు."

"ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"లైసెన్సున్నవాణ్ణి అడిగా. కోతల సీజన్, సైలోల దగ్గరే పడుంటున్నాడు. క్రిస్మస్ అయ్యాక వస్తాడట. క్రిస్మస్ అయ్యాక నాకెందుకు రాయ్స్? ఈసారి కూడా స్వరం దొరక్కపోతే క్లారీ మళ్లీ ఆ హాలు గుమ్మం తొక్కడు. నువ్వు ట్యాగ్ వేస్తే వాడు పాడతాడు. వెయ్యకపోతే లేదు. అంతే."

"వెయ్యను."

ఎల్వా నా పాస్టీ కంచం తీసి ఓవెన్ మీద పెట్టేసింది. సగమే తిన్నాను. ఇంటికొచ్చి ఆ మిగిలిన సగం గురించి ఆలోచిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి క్లారీ గురించే ఆలోచిస్తున్నాను. వెనక వరసలో అతని గొంతు లేకుండా క్రిస్మస్ పాట నాకు కూడా కాళ్ల కింద నేల లేనట్టుగా ఉంటుంది. అది ఒప్పుకోవడం నాకు కష్టం. రెండు శుక్రవారాలు నాకు పిలుపు రాలేదు.

మూడో శుక్రవారం ఫోను చేసింది. నమస్కారం లేదు, క్షేమ సమాచారాలు లేవు.

"పాతకాలం పాస్టీ గుర్తుందా నీకు? ఒక చివర మాంసం, ఒక చివర ఆప్రికాట్, మధ్యలో పిండి గోడ."

"గుర్తుంది. మీ అమ్మ చేసేది."

"ఆ మధ్య గోడే కదా నా పెట్టెకి సున్నా వోల్టు? ఇటు ప్లస్, అటు మైనస్. నేనింతకాలం ఒకే కూరను రెండు వైపులకి పంచడానికి చస్తున్నా. రెండు వేర్వేరు అడాప్టర్లు తెచ్చి, వీపులు ఆనించి పెడితే? ఒకదాని ప్లస్సూ రెండోదాని మైనస్సూ కలిపితే మధ్య గోడ దొరకదూ? గోడ కరెంటు బయటే ఉండిపోతుంది, నీ ట్యాగ్‌కి అడ్డు లేదు."

నలభై నాలుగేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసినవాణ్ణి, ఆ మాట ముందు నా నోట రావలసింది.

"అడాప్టరుకి మూడో పిన్ను ఉండకూడదు," అన్నాను. "రెండే ఉండాలి. ఎర్తు తగిలితే నీ మధ్య గోడ కూలిపోతుంది. పదిహేను వోల్టులవి తీసుకో. లోపల రెగ్యులేటర్లు పెట్టి పన్నెండుకి దింపు. ఆ మూడు వోల్టులతోబాటే చెత్తంతా పోతుంది. కీచు రాకుండా ముందర రెండు తీగ చుట్టలు, పెద్ద కెపాసిటర్లు. నీ కూడిక మీద మూడో వంతు ఎక్కువ బలం ఉన్నవి చూడు."

"సరే. భోజనానికి రా."

క్రిస్మస్ ముందటి శుక్రవారానికి అన్నీ సిద్ధం చేసింది. స్విచ్చు వేస్తే స్పీకర్లోంచి ఏమీ రాలేదు. చెవి ఆనించి విన్నాను, మీటరు పెట్టి చూశాను. రొద లేదు, కీచు లేదు! ఎల్వా వేలు వేసి ఒక అడుగు స్వరం నొక్కితే బల్ల మీద కప్పులు కదిలాయి. నాకు చాలా సంతోషం వేసింది, ఇంకో పాస్టీ అడిగాను.

ఆ సంతోషంలోనే నేను ఆ పని చేశాను. హాలుకు మోయడానికి పెట్టె మూత బిగించాలి. అడుగు స్వరం బోర్డు కాస్త వదులుగా ఉందని ఎల్వా దాన్ని ఊడదీసి, "రాయ్స్, వైరు తగిలించి బిగించు, ఓవెన్ చూసొస్తా. వైరు మీది ఎర్ర గీత మైనస్ వైపుకి, సరేనా?" అంది. విన్నాను. కానీ చెవులు విన్నది చేతులకు చేరాలిగా. నలభై నాలుగేళ్లు ఎరుపంటే కరెంటున్న వైపు, ఎరుపంటే ప్లస్. ఆ బోర్డులవాళ్లు ఎందుకో మైనస్‌కు ఎరుపు పెట్టుకున్నారు. నా వేళ్లు ఆలోచించకుండా ఎర్ర గీతను ప్లస్ వైపుకు తిప్పి గుచ్చేశాయి. స్విచ్చు వేశాను.

టప్‌మని చిన్న చప్పుడు, దాని వెంట కాలిన వాసన. ఎల్వా పరిగెత్తుకొచ్చింది. ఆమెకు మొదట పాస్టీ మాడిందేమో అనిపించిందట.

అడుగు స్వరం బోర్డులో నాలుగు చిప్పులు మాడిపోయాయి. ఎల్లుండి ఆదివారం. మెల్‌బోర్న్ నుంచి పోస్టు వచ్చే మాటే లేదు. ఒకప్పుడు ఇద్దరు కుర్రాళ్లను ఇంతకన్నా చిన్న తప్పుకు పనిలోంచి పంపేశాను. కుర్చీలో కూలబడ్డాను.

"తిట్టు ఎల్వా. ఏదో ఒకటి అను."

"తిడితే చిప్పు బాగవుతుందా?"

ఆమె డ్రాయరు లాగి ఒక పొట్లం తీసింది. పన్నెండు అడిగినవాడికి పదమూడు పెట్టే బేకరీ చెయ్యి అది, ప్రతిదీ ఒకటి రెండు ఎక్కువే తెప్పిస్తుంది. లెక్క చూస్తే మూడే ఉన్నాయి. నాలుగోది లేదు. పెట్టెలోంచి పై స్వరం బోర్డు బయటికి లాగింది. పాట రాగం వాయించడానికి ఏడాదిగా శ్రుతి చేసుకున్న బోర్డు అది. దానిలో అదే రకం చిప్పు ఉంది.

"అది తీస్తే రాగం ఎలా వాయిస్తావు?" అన్నాను.

"వాయించను. పైన పాడటానికి హాల్లో యాభై మంది ఉన్నారు. కింద పాడటానికి వాడొక్కడే."

ఆమె టంకం పెడుతుంటే నేను దీపం పట్టుకున్నాను. అంతకు మించి నన్ను దేన్నీ ముట్టుకోనివ్వలేదు. పనయ్యాక సన్నని కుంచె, తెల్ల రంగు తెచ్చి బోర్డు మూలన సి అని రాసింది. వైరు చివర కూడా సి అని రాసింది. అక్షరం అక్షరాన్ని చూసుకుంటేనే గుచ్చాలి. మిగిలిన బోర్డులకూ అలాగే ఒక్కో అక్షరం పెట్టింది.

"మొదటే పెట్టాల్సింది," అంది. "పాస్టీలకి పెడతాను, వీటికి పెట్టలేదు. అందులో నా తప్పు కూడా ఉంది."

ఆమె ఆ మాట అనకుండా ఉంటే నాకు ఇంత ఏడుపు వచ్చేది కాదు.

మా వైపు క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది; ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు నలభై ఒక్క డిగ్రీలు. హాల్లో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, ప్రతి ఫ్యానుకూ నా ట్యాగ్ ఉంది. ఎల్వా తెచ్చిన రెండు అడాప్టర్లకూ నేను మీటరు పెట్టి, తేదీ రాసి, ట్యాగ్ చుట్టాను. క్లారీ పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను: ఎల్వా ట్రెజైజ్, పాటల పెట్టె, అడాప్టర్లు రెండు, సరే.

క్లారీ వచ్చాడు, పాడటానికి కాదు. చెల్లెలు పెట్టె మోయడానికి మనిషి కావాలంటే వచ్చాడు. పెట్టె దింపి, నా పక్కన, వెనక గోడ దగ్గర కూర్చున్నాడు. స్పీకరు పెట్టె కూడా ఎల్వా అక్కడే పెట్టించింది.

"ఎందుకిక్కడ? జనం అటున్నారుగా?" అన్నాడు.

"వైరు అంతవరకే వస్తుంది," అన్నాను. అబద్ధమే. నా జీవితంలో వైరు పొడవు గురించి ఆడిన మొదటి అబద్ధం.

ఎల్వా స్విచ్చు వేసింది. నేను క్లారీనే చూస్తున్నాను. అతను స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి ఎదురుచూశాడు.

"పని చేయట్లేదు రాయ్స్. ఆమధ్య ఒక మోత వచ్చేది, అది కూడా లేదు."

"ఉండు."

నోరీన్ చెయ్యెత్తింది. ఎల్వా ఒక వేలు దించింది. ఒక్క స్వరం, అడుగున, ఏ కల్తీ లేకుండా. నా బూట్లలోంచి మోకాళ్ల దాకా వచ్చింది. క్లారీ చెయ్యి స్పీకరు మీద నుంచి లేవలేదు. ఎల్వా రెండో స్వరానికి దిగింది, మూడోదానికి ఎక్కింది. అతని తల ఆ మెట్లతో పాటు కదిలింది. ఒకటి అయ్యాక ఇంకొకటి, విడివిడిగా, అతనికి తెలుస్తోంది! కళ్లు మూసుకున్నాడు. జనం పాట అందుకున్నారు. మొదటి చరణం అంతా వింటూ కూర్చున్నాడు. రెండో చరణం మొదట్లో కుర్చీలోంచి లేచాడు.

ఆ గొంతు లేచినప్పుడు ముందు వరసలో ఇద్దరు మళ్లీ వెనక్కి తిరిగారు. నిరుడు తిరిగినవాళ్లే. ఈసారి వాళ్లు తిరిగి ముందుకు చూడటం మరిచిపోయారు. నోరీన్ చేతులు ఊపుతూనే ఏడ్చేసింది. ఎల్వా తల ఎత్తలేదు. స్వరం తప్పకూడదని వేళ్ల వైపే చూస్తోంది. ఇరవై మడతల దగ్గర ఆపే మనిషి కాదుగా.

పాట అయిపోయింది. క్లారీ కూర్చోలేదు. నా వైపు చెయ్యి చాచాడు.

"పుస్తకం ఇలా ఇవ్వు."

"నీకన్నీ నోటికొచ్చుగా."

"ఇవ్వరా ముందు."

ఇచ్చాను. రెండో పాట కోసం పేజీలు తిప్పుతూ, వెనక పేజీల దాకా వెళ్లి ఆగాడు. ఏడాది పొడవునా రాసిన నా రాతలు. కెటిల్, సరే. ఫ్యాను, సరే. దీపాల తోరణం, పనికిరాదు. అన్నింటికన్నా కింద, ఆ మధ్యాహ్నమే రాసిన చెల్లెలి పేరు. వేలు పెట్టి చదివాడు. ఎల్వా వైపు చూశాడు. ఆమె అప్పటికే మొదటి స్వరం మీద వేలు పెట్టి ఉంది, అతని కోసం ఆగింది.

క్లారీ పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

"రేపే వెళ్లి వేరే నోట్‌బుక్ కొనుక్కో రాయ్స్," అని వెనక వరసలో తన చోటికి నడిచాడు.